లేహ్ ప్రయాణమునకు మూటాముల్లె

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



రజతోత్సవ సభలలో సాధారణముగా పెద్ద విషయములను గూర్చి ప్రసంగించుట వాడుక. నేను ఈ సాయంకాలము మీకు మనవి చేయదలచినది మిక్కిలి చిన్న విషయము. ప్రయాణమునకు మూటకట్టుట! కాశీకో, రామేశ్వరమునకో పోవువారికైనచో నా ప్రసంగముతో పనిలేదు. ఆ విద్య మన ఇండ్లలోని నాయనమ్మలకు, అమ్మమ్మలకు తెలిసినంతగా నాకు తెలియదు. సముద్రమట్టమునకు సుమారు 3,500 మీటర్ల ఎత్తున, అనగా దాదాపు 11,500 అడుగుల ఎత్తున, హిమాలయములకు ఆవలి వైపున నున్న లేహ్ నగరమునకు పోవువారు వెంట కొనిపోవలసిన వేవి, ఇంట విడిచిపోవలసిన వేవి అనునదే నేడు నేనెత్తుకొన్న సంగతి.

ఇటీవలి కాలమున మన పల్లెలనుండి సయితము కుటుంబములకు కుటుంబములే లదాఖ్ యాత్రకు పోవుచున్నవి. ఒకప్పుడు మన ప్రాంతమువారిలో లేహ్ చూచివచ్చినవారు చాలవరకు సైనికులే. ఇప్పుడు కొడుకో కూతురో టిక్కెట్లు కొని తలిదండ్రులను విమానమెక్కించుచున్నారు. ఇది సంతోషింపదగిన మాటయే. కాని ఆ ప్రయాణమునకు పెట్టె సర్దు తీరు వేరు. అది తెలియక పోయినచో నష్టము డబ్బుతో తీరదు. ఒక్కొక్కప్పుడు మనిషికే మోసము వచ్చును. అందుచేతనే ఈ చిన్న విషయమును ఇంత పెద్ద సభకు తెచ్చితిని.

మొదట ఎత్తు సంగతి చెప్పుదును. మన ఆంధ్రదేశమున తూర్పు కనుమలలోని అత్యున్నత శిఖరము సయితము 1,700 మీటర్లకు లోబడినదే. అట్టి శిఖరములను రెండింటిని ఒకదానిపై నొకటి నిలిపినచో దాదాపు లేహ్ బజారువీథి ఎత్తు వచ్చును. అయితే ఆ ఎత్తు కంటికి కానరాదు. సింధునది లోయకు ప్రక్కన పచ్చని పొలములు, చెట్లు, దుకాణములు, ఇండ్లు ఉండుటచేత వచ్చినవారికి తాము కొండపై నున్నామను తెలివిడియే కలుగదు. కన్ను మోసపోవును గాని ఊపిరితిత్తి మోసపోదు.

గాలిలో ప్రాణవాయువు పాలు ఎచ్చటనైనను నూటికి 21 వంతులే. కొండపై తగ్గునది ఆ పాలు కాదు, గాలియొక్క ఒత్తిడి. సముద్రతీరమున గాలి ఒత్తిడి పాదరసపు కొలతలో 760 మిల్లీమీటర్లు. లేహ్‌లో అది సుమారు 500 మాత్రమే. కావున ఇచ్చట రెండు గుక్కలలో మనకు లభించు ప్రాణవాయువునకు అచ్చట మూడు గుక్కల గాలి పీల్చవలెను. దేహము ఈ కొఱతను తీర్చుకొన లేకపోలేదు. ఊపిరి త్వరపడును, గుండె త్వరపడును, రక్తములో క్రమక్రమముగా మార్పులు కలుగును. కాని ఆ పనికి దానికి వ్యవధి కావలెను. గంటలు చాలవు, దినములు కావలెను.

పూర్వపు యాత్రికులకు ఈ వ్యవధి అడుగకుండగనే లభించెడిది. మన తెలుగువారిలో ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో చెన్నపట్టణమునుండి కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరులో తిరిగి ఇల్లు చేరిరి. అది పర్వతయాత్ర కాదు. అయినను దారిపొడుగున నీరు మారినకొలది, ఎండ మారినకొలది అలవాటు పడుటకు వారి దేహమునకు కావలసినంత తీరిక యుండెను. లేహ్‌నుండి కారకోరం కనుమమీదుగా యార్కండు పోయిన వర్తకులు సయితము గుఱ్ఱముల వెంట వారముల తరబడి నడచినవారే. నేడు ఢిల్లీలో విమానమెక్కిన మనిషి సుమారు గంటన్నర లోపల 200 మీటర్ల ఎత్తునుండి 3,200 మీటర్లకు పైబడిన లేహ్ విమానాశ్రయమున దిగుచున్నాడు. సూట్‌కేసు వెంటనే వచ్చినది; మనిషి వచ్చినాడు; దేహపు అలవాటు మాత్రము ఇంకను ఢిల్లీలోనే యున్నది. అది వచ్చి చేరువఱకు మనము కదలక కూర్చుండవలెను.

కావున మూటలో మొట్టమొదట పెట్టవలసినవి బట్టలు కావు, మందులు కావు, రెండు దినములు. లేహ్ చేరిన తరువాత పూర్తిగా రెండు దినములు ఏ పనియు పెట్టుకొనక విశ్రమించుటకు ఏర్పాటు చేసికొననిదే టిక్కెట్టు కొనరాదని నా మనవి. ఆరు దినముల సెలవు దొరకినది గనుక ఆరు దినములలోను ఆరు చోట్లు చూడవలెనను లెక్క ఈ ఊరికి పనికిరాదు. ఎనిమిది దినములు దొరకువఱకు ఆగుట మేలు.

ఈ మాట నా సొంత కల్పన కాదు. దీని వెనుక మిక్కిలి ప్రియమైన అనుభవమున్నది. 1962వ సంవత్సరమున చైనాతో యుద్ధము వచ్చినప్పుడు పల్లపు ప్రాంతములలోని సైనికులను త్వరత్వరగా విమానములలో ఎత్తైన సరిహద్దులకు తరలింపవలసి వచ్చెను. చలికి తగిన దుస్తులు చాలవు. ఎత్తునకు అలవాటుపడు వ్యవధి లేదు. అట్టి స్థితిలోనే నవంబరు 18వ తేదీన లదాఖ్‌లోని రెజాంగ్‌లా కనుమవద్ద, 16,000 అడుగులకు పైబడిన ఎత్తున, మేజర్ షైతాన్ సింగ్ నాయకత్వమున సుమారు 120 మంది వీరులు పోరాడి, వారిలో నూరుమందికి పైగా ప్రాణములర్పించిరి. ఆ కాలమున హిమాలయములపై జబ్బుపడిన 1,925 మంది సైనికులను పరిశీలించి మన సైనిక వైద్యులు ఇందర్ సింగ్ ప్రభృతులు 1969లో ప్రకటించిన వ్యాసము నేటికిని ప్రపంచ వైద్యులు ప్రమాణముగా పేర్కొనునట్టిది.

ఆ పాఠమునుండి మన సైన్యము ఒక నియమము నేర్పఱచుకొన్నది. 9,000 అడుగులనుండి 12,000 అడుగుల మధ్య ఎత్తునకు చేరిన సైనికుడు ఆరు దినములు అలవాటు పడవలెను. అందు మొదటి రెండు దినములు విశ్రాంతి. తక్కిన నాలుగు దినములు కొంచెము కొంచెముగా నడక పెంచుట. అటుపైన 15,000 అడుగుల వఱకు మఱి నాలుగు దినములు, ఆపైన ఇంకను నాలుగు దినములు. మన సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్ బాబు 2020 జూన్ 15వ తేదీ రాత్రి వీరమరణమొందిన గల్వాన్ లోయ ఈ సీమలోనిదే. ఉక్కువంటి దేహముగల పడుచు సైనికునికే ఆరు దినములు కావలసినప్పుడు, మోకాళ్ళనొప్పులతో దిగిన మన మామయ్యగారికి, రక్తపుపోటు మాత్రలు వేసికొనుచున్న మన అత్తయ్యగారికి రెండు దినములైనను ఇయ్యకపోవుట న్యాయమా? మీరే ఆలోచింపుడు.

విమానము వలదనుకొన్నవారికి రోడ్డు కలదు. అందును రెండు దారులు. శ్రీనగరునుండి పోవు దారిలో సుమారు 3,528 మీటర్ల ఎత్తైన జోజిలా కనుమ దాటి, రాత్రి 2,700 మీటర్ల లోపునున్న కార్గిల్‌లో పండుకొని, మఱునాడు 4,108 మీటర్ల ఫోతులా కనుమ మీదుగా లేహ్ చేరవచ్చును. మనాలీనుండి పోవు దారిలో 2020 అక్టోబరులో ప్రారంభమైన అటల్ సొరంగము ప్రయాణమును సుళువుచేసినది గాని, అటుపైన దారి 4,800, 5,300 మీటర్ల ఎత్తులకెక్కును. నడుమ నిద్రింపవలసిన సర్చూ గుడారములు లేహ్ కంటె ఎత్తున నున్నవి. మొదటిసారి పోవు పెద్దలకు శ్రీనగరు దారి సౌమ్యమైనది. ఈ రెండు దారులును శీతకాలమున మంచుచేత మూతపడుచుండును గనుక విచారించి బయలుదేరవలెను.

ఇక రెండవది, మందుల సంచి. ఇది సూట్‌కేసులోపల అడుగున ఉండరాదు, చేతిసంచిలో ఉండవలెను. ప్రతిదినము వాడు మందులు ప్రయాణ దినములకు సరిపడునన్ని గాక, మఱి నాలుగు దినములకు అదనముగా పెట్టుకొనవలెను. లేహ్ విమానములు సాధారణముగా ప్రొద్దుటిపూటనే వచ్చిపోవును. వాతావరణము బాగులేనిచో ఆ దినము విమానము రాదు. మఱునాడు వచ్చుననియు చెప్పలేము. చక్కెరవ్యాధిగలవారు ఇన్సులిన్‌ను గడ్డకట్టనీయరాదు. గడ్డకట్టి కరిగిన ఇన్సులిన్ పనికిరాదు. చలిలో దానిని ఒంటికి దగ్గఱగా, లోపలి జేబులో ఉంచుకొనవలెను.

ఎత్తునకు ముందుగా వాడు మందు అసిటజోలమైడ్ అను బిళ్ళ. సాధారణముగా పెద్దలకు 125 మిల్లీగ్రాముల చొప్పున దినమునకు రెండుసార్లు, ఎక్కుటకు ముందునాటినుండియే ఇత్తురు. దీనివలన మూత్రము ఎక్కువగును, వ్రేళ్ళు తిమ్మిరెక్కినట్లుండును, భయపడనక్కఱలేదు. కాని సల్ఫా మందులు పడనివారును, మూత్రపిండముల జబ్బు గలవారును వైద్యుని అడుగకుండ దీనిని ముట్టరాదు. అసలు గుండెజబ్బు, ఊపిరితిత్తుల జబ్బు, తీవ్రమైన రక్తహీనత గలవారు, గర్భిణులు ముందుగా వైద్యునిచే పరీక్ష చేయించుకొని, వలదన్నచో మానుకొనవలెను. మన మన్యప్రాంతములవారిలో కొందఱికి కొడవలికణ వ్యాధి లక్షణము వంశపారంపర్యముగా నుండును. ఇంటివద్ద ఏ బాధయు లేనివారికి సయితము అది ఎత్తున ప్లీహమునకు హాని చేయవచ్చును. కావున వారు ఆ మాట వైద్యునికి తప్పక చెప్పవలెను.

కర్పూరము మూటకట్టి మూర్కొనుచుండిన ఊపిరి ఆడునని మనవారు కొందఱు దానిని తీసికొనిపోవుదురు. కర్పూరపు వాసన ముక్కునకు చల్లగా తోచును గాని రక్తములో ప్రాణవాయువును పెంచదు. దానిని నోట వేసికొనుట విషము. అది దేవుని మందిరముననే ఉండనిండు. కరోనా దినములలో కొన్న వ్రేలికి తగిలించు ఆక్సిమీటరు ఇంట నున్నచో దానిని తీసికొనిపోవచ్చును. ఇంటివద్ద 97, 98 చూపునది అచ్చట 90కి అటునిటు చూపుట వింత కాదు. వ్రేళ్ళు చల్లబడినచో అది తప్పుగను చూపును. అంకెను చూచి బెంగపడుటకంటె మనిషిని చూచుట ముఖ్యము.

మూడవది బట్టలు. వేసవిలో, అనగా జూలై ఆగస్టు నెలలలో, లేహ్‌లో పగలు వేడిమి 25 డిగ్రీల సెల్సియస్ వఱకు పోవును. రాత్రి 10 డిగ్రీలకు దిగును. జనవరి రాత్రులలో సున్నకు క్రింద 15 డిగ్రీలును దిగుట కలదు. వేసవిలో సయితము ఎండలో నిలుచున్నచో చెమట, నీడలోనికి జరిగినచో వణుకు. గాలి పలుచనై, పొడిగా నుండుటచేత అది వేడిని నిలుపుకొనలేదు. అందుచేత ఒక్క మందపు కోటుకంటె పలుచని మూడు పొరలు మేలు. ఒంటికంటిన పొర చెమటను పీల్చి త్వరగా ఆరునదై యుండవలెను. దానిపై ఉన్ని స్వెట్టరు. దానిపై గాలి చొరనీయని కోటు. పొరకు పొరకు నడుమ చిక్కిన గాలియే మనలను కాపాడును. ఎండ యెక్కినకొలది ఒక్కొక్కటి విప్పవచ్చును, చలి వేసినకొలది తొడుగవచ్చును. ఒంటికంటిన బట్ట నూలుదైనచో చెమటకు తడిసి ఆరక చలి పుట్టించును. చీర కట్టుకొను తల్లులు చీర మానవలసిన పనిలేదు. లోపల ఉన్ని బనియను, కాళ్ళకు ఉన్ని లాగు తొడిగికొని, పైన చీర కట్టి, శాలువ కప్పుకొనిన సరిపోవును.

చెవులు మూయు మంకీ టోపీ, చేతితొడుగులు, రెండు మూడు జతల ఉన్ని మేజోళ్ళు మఱువరాదు. బూట్లు ప్రయాణమునకు ముందునాడు కొనరాదు. పదునైదు దినములు ముందుగా కొని ఊరిలో తొడిగి తిరిగినచో, అవి కఱచు పుండ్లు ఇంటివద్దనే మానిపోవును. ఆ దేశమువారి దుస్తు చూడుడు. గొంచా అను ఉన్ని అంగీ మెడనుండి కాళ్ళ వఱకు వదులుగా నుండును. నడుమున దట్టీ బిగింతురు. వదులుగానున్న చోట గాలి నిలుచును, బిగించిన చోట చలి చొరదు. మన పొరల సూత్రమే అది.

నాలుగవది ఎండనుండి కాపాడుకొను సాధనములు. చలిదేశమునకు పోవుచు ఎండకు భయమేమని అడుగవచ్చును. ఎత్తు 1,000 మీటర్లు పెరిగినకొలది ఎండలోని అతినీలలోహిత కిరణముల తీవ్రత నూటికి సుమారు 10 వంతులు పెరుగును. మంచుపై పడిన ఎండ తిరిగి కంటిలోనికే కొట్టును. నల్లని చలువ కళ్ళద్దములు లేక మంచులో ఒక్కపూట తిరిగినవారికి ఆ రాత్రి కండ్లలో ఇసుక పోసినట్లు బాధ కలుగవచ్చును. కావున మంచి కళ్ళద్దములు, అంచుగల టోపీ, ముఖమునకు ఎండమలాము, పెదవులకు వేజలీను ఉండవలెను. లేహ్‌లో ఏడాదికి కురియు వాన సుమారు 100 మిల్లీమీటర్లు. మన కోస్తా జిల్లాలలో సుమారు 1,000. అంత పొడిగాలిలో పెదవులు పగులును, ముక్కు ఎండి రక్తము చిమ్ముటయు కలదు. మనవారు కొబ్బరినూనె సీసా తీసికొనిపోవుదురు. అది 24 డిగ్రీలకు లోపుననే పేరుకొనును గనుక లేహ్‌లో సన్నమూతి సీసానుండి చుక్కయైనను రాదు. వెడల్పు మూతిగల చిన్నడబ్బాలో పోసికొనిపోయినచో వ్రేలితో తీసికొని రాచుకొనవచ్చును.

ఐదవది, మన తెలుగువారికి అన్నిటికంటె ముఖ్యమైనది, తిండి. ఆవకాయ లేనిదే కదలనివారు కలరు. వారికి నా మనవి. ఇచ్చట మూతబిగించిన సీసాలో ఇచ్చటి ఒత్తిడియే యుండును. పైకి పోయినకొలది లోపలి గాలి బయటికి త్రోసికొని వచ్చి, నూనెను వెంటబెట్టుకొని బట్టలపై పడును. అచ్చటి దుకాణములలో చిరుతిండ్ల పొట్లములు బూరలవలె ఉబ్బియుండుటకు కారణమిదే. కావున ఊరగాయను సీసా నిండ పెట్టక, పైన కొంత వెలితి యుంచి, రెండు సంచులలో చుట్టి, విమానమున లోపల వేయు పెట్టెలో బట్టలకు దూరముగా ఉంచవలెను. అంతకంటె కందిపొడి, కరివేపాకు పొడి, అటుకులు, వేరుసెనగ ఉండలు మేలు. బరువు తక్కువ, కారుట లేదు. మొదటి రెండు దినములు ఆకలి మందగించును. ఒక్కసారి కడుపునిండ తినక, కొంచెము కొంచెముగా పలుమాఱు తినుటకు ఇట్టివి అనుకూలములు.

వంట చేసికొందమని బియ్యము, పప్పు కట్టుకొను జట్లును కలవు. లేహ్‌లో నీరు 100 డిగ్రీల వద్ద కాదు, సుమారు 88 డిగ్రీల వద్దనే కాగును. నీళ్ళు కుతకుతలాడుచుండును గాని పప్పు ఉడకదు. ప్రెషరు కుక్కరు లేక అచ్చట కందిపప్పు వండుట వృథాప్రయాస. అచ్చటివారు దీనికి ఏనాడో ఉపాయము కనిపెట్టిరి. బార్లీ గింజలు ముందుగా వేయించి పిండిచేసి, వెన్న కలిపిన ఉప్పు తేనీటిలో కలుపుకొని తిందురు. మన పేలపిండికి అది సోదరి. దారిలో పొయ్యి వెలిగింప నక్కఱలేదు. కొండ ఏది ఇయ్యదో తెలిసికొని దానికి తగినట్లు మూటకట్టుటయనగా ఇదియే.

నీరు తఱచుగా త్రాగవలెను. పొడిగాలిలో ఊపిరితోనే మన దేహములోని నీరు పోవును. చెమట కానరాదు గనుక అది మనకు తెలియదు. ఒక్కొక్కరికి ఒక్కొక్క సీసా యుండవలెను. ఎత్తున మద్యమును, నిద్రమాత్రలును ఊపిరిని మందగింపజేయును. అవి మూటలో ఉండనేకూడదు. ప్లాస్టిక్ పొట్లములను, కాగితపు చుట్టలను ఇంటివద్దనే విప్పి పాఱవేసి పోవలెను. చలియు, పొడియు గల ఆ నేలలో చెత్త కుళ్ళుటకు చాలకాలము పట్టును. మనము పడవేసినది మన మనుమల కాలమునకును అచ్చటనే పడియుండవచ్చును.

చిన్న సంగతులు మఱికొన్ని కలవు. గుర్తింపుకార్డు, నగదు చేత ఉండవలెను. లేహ్ దాటినచో బ్యాంకు యంత్రములు అరుదు, ఫోను సంకేతము చాలచోట్ల అందదు. మన ఫోను కార్డు ఆ ప్రాంతమున పనిచేయునో లేదో బయలుదేరుటకు ముందే విచారింపవలెను. చలికి బ్యాటరీలు త్వరగా నీరసించును. రాత్రి వానిని దుప్పటిలో ఉంచుకొనవలెను. పవర్ బ్యాంకు విమానమున చేతిసంచిలోనే ఉండవలెను. ఒక్క పెద్ద పెట్టెకంటె రెండు చిన్న సంచులు మేలు. దిగిన దినమున బరువెత్తరాదు. ఎవరిచేతనైన మోయించి, హోటలులో క్రిందియంతస్థు గదియే అడుగవలెను. కిటికీలోనుండి తొమ్మిదంతస్థుల పాత రాజభవనము కనబడి పిలుచుచుండును. మూడువందల యేండ్లకు పైబడి నిలిచిన భవనము. ఇంక రెండు దినములు నిలువదా?

ఇప్పుడు అన్నిటికంటె బరువైన మాట. కొత్తవారికి లేహ్ చేరిన ఆరు గంటలకో, పండ్రెండు గంటలకో తలనొప్పి, వికారము, నిద్రలేమి, నిస్సత్తువ కలుగవచ్చును. రెండువేల యేండ్లకు పూర్వమే చైనా చరిత్రకారులు పశ్చిమపు దారిలోని కొండలకు ‘పెద్ద తలనొప్పి కొండ’, ‘చిన్న తలనొప్పి కొండ’ అని పేరులు వ్రాసి యుంచిరి. విశ్రమించినచో ఇది చాలవఱకు ఒకటి రెండు దినములలో సర్దుకొనును. కాని తలనొప్పి ఉండగనే పైకెక్కరాదు. ఇది మొదటి సూత్రము. కదలక కూర్చున్నను ఆయాసము, విడువని దగ్గు, నురుగుతో కూడిన కఫము వచ్చినచో ఊపిరితిత్తులలో నీరు చేరుచున్నదని తెలియవలెను. నడక తూలుట, మాట తడబడుట, మతి చెదరుట కనబడినచో మెదడు వాచుచున్నదని తెలియవలెను. నేలపై గీచిన గీతమీద మడమకు బొటనవ్రేలు తాకించుచు నడువుమని చెప్పి చూడవలెను. నడువలేనిచో ఇక ఆలోచన లేదు. అప్పుడు మందు ఒక్కటే: ప్రాణవాయువు పట్టించుచు వెంటనే క్రిందికి దింపుట. తెల్లవాఱనిమ్మని ఆగరాదు. లేహ్‌లో సోనమ్ నుర్బూ స్మారక ఆస్పత్రి యున్నది. అచ్చటి వైద్యులు ఈ జబ్బును నిత్యము చూచువారు. బజారులో అమ్ము చిన్న ప్రాణవాయువు డబ్బా కొన్ని నిమిషముల ఊరట మాత్రమే. అది దిగుటకు బదులు కాదు.

ఈ జబ్బుకంటె అపాయమైనది మన ఇండ్లలో మఱియొకటి కలదు. అది బిడియము. పిల్లలు ఎంతో డబ్బు పోసి తీసికొనివచ్చినారు, నా తలనొప్పి మాట చెప్పిన వారి సంతోషము చెడునేమో యని తల్లి నోరు మెదపదు. తన వలన నలుగురి ప్రయాణము ఆగునని తండ్రి దగ్గును అణచుకొనును. కోడలు అత్తగారికి చెప్పుకొనలేదు. పడుచువాడు స్నేహితుల యెదుట తాను బలహీనుడనుకొందురని చెప్పుకొనలేడు. రాత్రి గడచునప్పటికి చెప్పవలసిన సమయము దాటిపోవును. కొండ జబ్బు వయసును, బలమును చూచి రాదు. చక్కగా పరుగెత్తువానికి రావచ్చును, నెమ్మదిగా నడచు ముసలివానికి రాకపోవచ్చును. కావున అది చెప్పుకొనుటకు సిగ్గుపడవలసినది కాదు.

అందుచేత ఇంటివద్ద పెట్టెలు కట్టునాడే అందఱు కూర్చుండి ఒక కట్టుబాటు చేసికొనవలెను. ఉదయము, రాత్రి ఒకరినొకరు తలనొప్పి యున్నదా, అన్నము తింటివా, నిద్ర పట్టెనా అని అడుగవలెను. అడిగినప్పుడు నిజము చెప్పవలెను. ఒక్కరికి బాగులేనిచో ఆ దినము ప్రయాణము ఆపవలెను; ఆగినందుకు వారిని ఎవరును ఒక్కమాటయైనను అనరాదు. దిగవలసి వచ్చినచో ఒంటరిగా పంపక ఒకరు తోడు దిగవలెను. పెద్దలు తమంత తాము చెప్పరు గనుక పిల్లలే అడుగవలెను. ఒకమాఱు అడిగి ఊరకుండరాదు. అన్నము దగ్గఱ వారి చేయి ఎట్లాడుచున్నదో చూడవలెను.

అలవాటు పడినమీదట దూరములు చూడవచ్చును. నుబ్రా లోయ లేహ్ కంటె కొంత పల్లమున నున్నది. కాని దానికి పోవు దారిలోని ఖర్దుంగ్‌లా కనుమ 5,359 మీటర్లు. అచ్చట ఫొటో తీసికొని పది నిమిషములలో కదలుట మంచిది. పాంగోంగ్ సరస్సు 4,200 మీటర్లకు పైన. అచ్చట రాత్రి నిద్ర చివరి దినములకు ఉంచుకొనవలెను. 3,000 మీటర్లకు పైన, నిద్రించు చోటి ఎత్తును ఒక్క రాత్రికి 500 మీటర్లకంటె పెంచరాదని వైద్యులు చెప్పుదురు. లేహ్‌నుండి పాంగోంగ్‌కు ఎగురు అంతకంటె పెద్దదే గనుక, లేహ్‌లోనే నాలుగైదు రాత్రులు గడపినవారు దానికి తగుదురు. పెద్దలున్నచో పగలు చూచి రాత్రికి దిగివచ్చుట ఇంకను మేలు.

సోదరులారా! నేను చెప్పినదంతయు ఒక కాగితమున వ్రాసికొనవచ్చును: దినములు, మందులు, పొరలు, కళ్ళద్దములు, పొడులు, నీరు, కట్టుబాటు. పెట్టెలో చోటు చాలనిచో ఒక చొక్కా తీసివేయుడు, ఒక డబ్బా తీసివేయుడు. ఆ రెండు దినములను మాత్రము తీసివేయకుడు. పోవువారందఱు ఆరోగ్యముగా పోయి, ఆ మంచుకొండలను, ఆ నీలి సరస్సును కన్నులార చూచి, పోయిన లెక్కకు తక్కువగాక ఇల్లు చేరి, ఈ గ్రంథాలయపు అరుగుపై కూర్చుండి మాకు ఆ వింతలు చెప్పవలెనని కోరుచున్నాను.